క్యానింగ్ సీసాలు, మూతలు: కడిగితే చాలా, మరిగించి తీరాలా?

నిల్వడబ్బా అడుగుతున్నారు:

టమాటాలు, జామ్, పాకంలో పండ్ల ముక్కలు క్యానింగ్ చేద్దామని, అంటే సీసాల్లో నింపి మూత పెట్టి వేడి చేసి గాలి చొరకుండా నిల్వ చేద్దామని, సీసాలు సిద్ధం చేసుకుంటున్నాను. మర ఉన్న గాజు సీసాలు. మూత రెండు భాగాలు: పైన పల్చటి రేకు మూత, దాన్ని పట్టి ఉంచే స్క్రూ రింగు. ఎక్కడ చదివినా ఒక్కోచోట ఒక్కో మాట ఉంది. సీసాలు పావుగంట మరిగించాలని ఒకరు, సబ్బుతో కడిగితే చాలని ఇంకొకరు. మూతలు మరిగే నీళ్ళలో వేయాలని కొందరు, వేస్తే పాడవుతాయని కొందరు.

తెలిసినవాళ్ళు వీటికి తేల్చి చెప్పండి. సీసాలు ఎప్పుడు మరిగించాలి, ఎప్పుడు అక్కర్లేదు? పాత సీసాల్లో ఏవి పనికొస్తాయో చూసి చెప్పడం ఎలా? కొన్నిటి లోపల తెల్లటి పొర కట్టింది, రుద్దినా పోవడం లేదు. మూతలు, రింగులు తిరిగి వాడొచ్చా? జామ్, పచ్చళ్ళు కొన్నప్పుడు వచ్చిన ఖాళీ సీసాలు కూడా చాలా ఉన్నాయి, అవి పనికొస్తాయా?

ఆవిరిలెక్క జవాబు:

మీరు చదివిన రెండు మాటలూ నిజమేనండీ. ఏది ఎప్పుడు అన్నది చెప్పకుండా వదిలేయడం వల్ల వచ్చిన తిప్పలివి. తేల్చేది ఒకే ఒక్క సంగతి: నింపి మూత పెట్టిన సీసా క్యానర్లో (సీసాలు మునిగేలా నీళ్ళు మరిగించే పెద్ద పాత్ర) మరిగే నీళ్ళలో ఎంతసేపు ఉంటుంది?

10 నిమిషాలు లేదా అంతకు మించి ఉంటే ఖాళీ సీసాను ముందుగా మరిగించాల్సిన పని లేదు. శుభ్రంగా కడిగి, వేడిగా ఉంచితే చాలు. ప్రెషర్ క్యానర్లో (ఆవిరి ఒత్తిడితో ఇంకా ఎక్కువ వేడినిచ్చే పాత్ర) పెట్టేవాటికీ అంతే. అమెరికా వ్యవసాయ శాఖ క్యానింగ్ గైడు చెప్పేది కూడా ఇదే. లోపలి పదార్థానికి తగిలే వేడే సీసా గోడలకీ తగులుతుంది కాబట్టి ముందు ఒకసారి విడిగా మరిగించడం గ్యాసు దండగ. మీ జాబితాలో టమాటాలు, పండ్ల ముక్కలు ఈ కోవలోకే వస్తాయి.

10 నిమిషాల లోపు అయితే మాత్రం సీసా ముందే మరగాలి. ఇది ఎక్కువగా జెల్లీ, జామ్‌ల విషయంలో వస్తుంది, వాటిలో చాలావాటికి 5 నిమిషాలే చెబుతారు. పద్ధతి ఇది: కడిగిన సీసాలను క్యానర్లోని జాలీ మీద నిలువుగా పెట్టాలి. సీసాల లోపలా బయటా వేడినీళ్ళు పోయాలి, మరిగే నీళ్ళు కాదు. నీళ్ళు సీసాల పైన ఒక అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. తెర్లడం మొదలయ్యాక 10 నిమిషాలు లెక్క. సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల పైన ఉంటే ప్రతి వెయ్యి అడుగులకీ ఒక నిమిషం కలపాలి, ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు మరిగే వేడి తగ్గుతుంది కాబట్టి. తర్వాత పట్టకారుతో ఒక్కొక్క సీసా తీసి, నీళ్ళు ఒంపేసి, వెంటనే నింపాలి. ఆ నీళ్ళు పారబోయకండి, నింపిన సీసాలు మళ్ళీ అందులోకే వెళ్ళాలి.

జామ్‌కి ఈ పని తప్పించుకునే దారి ఒకటుంది. 5 నిమిషాల బదులు 10 నిమిషాలు ఉంచితే సీసా ముందుగా మరగక్కర్లేదు. కాకపోతే పెక్టిన్ (జామ్ పేరుకునేలా చేసే పండులోని పదార్థం) తక్కువున్న పండు అయితే ఆ అదనపు 5 నిమిషాలకి జామ్ కాస్త జారుగా తయారవుతుంది. గట్టిగా పేరుకోవాలంటే ముందు మరిగించడమే మేలు.

ఇక్కడే ఒక అపోహ కూడా వదిలించుకోవాలి. ఖాళీ సీసా ఎంత మరిగించినా, అంతమాత్రాన లోపల పెట్టే పదార్థం నిల్వకు సురక్షితం అయిపోదు. బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ తెచ్చే క్లోస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు 100 డిగ్రీల నీళ్ళలో చావవు. అవి లోపలికి వచ్చేది సీసాతో కాదు, కూరగాయలకి అంటిన మట్టితో. పుల్లటి పదార్థంలో, అంటే పీహెచ్ 4.6 లేదా అంతకు తక్కువ ఉన్నవాటిలో అవి మొలకెత్తలేవు కాబట్టి పండ్లకి మరిగే నీళ్ళు సరిపోతాయి. బీన్స్, మొక్కజొన్న, మాంసం లాంటివాటికి ప్రెషర్ క్యానర్లో 116 నుంచి 121 డిగ్రీల వేడి తగలాల్సిందే. టమాటా సరిగ్గా ఆ గీత దగ్గర ఉంటుంది, కొన్ని రకాలు గీత దాటేస్తాయి కూడా. అందుకే లీటరుకి కాస్త తక్కువ పట్టే సీసాకి (సుమారు 950 మి.లీ.) సీసాల్లో అమ్మే నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు గాని, అర టీస్పూను సిట్రిక్ యాసిడ్ గాని తప్పకుండా వేయాలి. అరలీటరు సీసాకి అందులో సగం. అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం వద్దు, కాయకీ కాయకీ పులుపు మారుతుంది.

మరిగించనక్కర్లేని సీసాలు కూడా వేడిగా ఎందుకుండాలంటే, అది క్రిముల కోసం కాదు, గాజు కోసం. వేడి వేడి జామ్ చల్లటి సీసాలో పోస్తే లోపలి వైపు గాజు ఒక్కసారిగా సాగుతుంది, బయటి వైపు సాగదు, మధ్యలో పగులుతుంది. కడిగిన సీసాలను పొగలు కక్కే నీళ్ళలో ముంచి ఉంచండి, నింపబోయే ముందు ఒక్కొక్కటే తీయండి. డిష్‌వాషర్ ఉంటే అందులో కడిగి, వేడి ఆరకముందే తీసినా సరే. అది కడుగుతుంది, వేడిగా ఉంచుతుంది, అంతే. దాన్ని మరిగించడంగా లెక్కవేయకండి.

గాజుపెంకు జవాబు:

సీసాల పరీక్ష గురించి చెబుతాను. కడగడం కంటే ముందు చేయాల్సింది అదే, పారేయాల్సిన సీసాకి సబ్బు ఎందుకు?

మొదట అంచు. చూపుడు వేలు కొనతో సీసా అంచు మీద మెల్లగా ఒక చుట్టు తిప్పండి. కళ్ళు మూసుకుని తిప్పితే ఇంకా బాగా తెలుస్తుంది. గోరుకి తగిలేంత పెచ్చు లేచినా ఆ సీసా క్యానింగ్‌కి పనికిరాదు, పప్పులు పోసుకోవడానికి ఉంచుకోండి. రేకు మూత లోపలి సీలు పట్టీ ఆనేది ఆ రెండు మూడు మిల్లీమీటర్ల అంచు మీదే. అక్కడ ఇసుకరేణువంత గుంట ఉన్నా గాలి దారి వెతుక్కుంటుంది. కొన్ని సీసాల అంచు మీద అచ్చుపోసిన గీత సన్నగా ఉబ్బి కనిపిస్తుంది. అది నున్నగా ఉంటే ఫర్వాలేదు, వేలికి గరుకుగా తగిలితే పక్కన పెట్టండి.

తర్వాత ఒళ్ళు. సీసాను వెలుతురుకి అడ్డంగా పట్టుకుని తిప్పుతూ చూడండి. వెంట్రుకలాంటి పగుళ్ళు నేరుగా చూస్తే కనపడవు, వెలుగు పక్కనుంచి పడినప్పుడు తళుక్కుమంటాయి. ముఖ్యంగా అడుగు మలుపు దగ్గర చూడాలి, ఎక్కువ సీసాలు పగిలేది అక్కడే. మరల మీద ఎండిపోయిన పాకం, తుప్పు లేకుండా చూడండి, ఉంటే రింగు బిగిసినట్టు అనిపించి బిగవదు.

కడగడానికి వేడినీళ్ళు, మామూలు గిన్నెల సబ్బు, నైలాన్ పళ్ళ సీసా బ్రష్షు చాలు. ఉక్కు పీచు, తీగల బ్రష్షు, చాకు కొన, వీటిలో ఏదీ సీసా లోపలికి వెళ్ళకూడదు. అవి పెట్టిన గీతలు కంటికి ఆనవు గాని, వేడికి పగులు మొదలయ్యేది ఆ గీతల దగ్గరే. ఎండిపోయిన పాకం ఉంటే గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి, గీకే పని ఉండదు. ఇంకా మొండిగా ఉంటే వంటసోడాని నీళ్ళతో ముద్దగా కలిపి గుడ్డతో రుద్దండి. సబ్బు పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్ళు తొలవాలి. మిగిలిన సబ్బు పదార్థం రుచినీ రంగునీ పాడుచేస్తుంది.

మీరు చెప్పిన తెల్లటి పొర నీళ్ళ కఠినత్వం వల్ల, అంటే అందులోని సున్నం లాంటి ఖనిజాల వల్ల పేరుకున్నది, గాజు చెడిపోవడం వల్ల కాదు. రుద్దితే పోదు, పులుపుకి కరుగుతుంది. లీటరు నీళ్ళకి 60 మి.లీ. చొప్పున 5 శాతం తెల్ల వెనిగర్ కలిపి, సీసా మొత్తం మునిగేలా కొన్ని గంటలు ఉంచండి. తర్వాత మామూలుగా కడగండి. వెనిగర్‌లో నానినా పోని మసక ఉంటే అది పొర కాదు, గాజే గరుకెక్కింది. ఎన్నో ఏళ్ళు డిష్‌వాషర్లో తిరిగిన సీసాలకి వస్తుంది. గరుకు అంచు దాకా వస్తే ఆ సీసా వదిలేయండి. కొత్త పొర పట్టకుండా ఉండాలంటే క్యానర్ నీళ్ళలోనే కొంచెం వెనిగర్ పోయడం మంచిది, సీసాల బయటి వైపూ తెల్లబడవు.

జామ్, పచ్చళ్ళతో వచ్చిన సీసాల సంగతి. చాలావాటి అంచు సన్నగా ఉంటుంది, గాజు ఒక్కసారి వేడి చేసి నింపడానికే తయారుచేసినది. వాటికి క్యానింగ్ రేకు మూత, రింగు సరిగ్గా పట్టే కొలత ఉంటే, పుల్లటి పదార్థాలకి, మరిగే నీళ్ళ పద్ధతికి వాడొచ్చు. సీలు పడకపోవడం, పగలడం మామూలు క్యానింగ్ సీసాల కంటే ఎక్కువే ఉంటుందని అనుకునే దిగండి. ప్రెషర్ క్యానర్లో మాత్రం వద్దు. వాటితో వచ్చిన ఒంటి ముక్క తిప్పుడు మూతను తిరిగి వాడకండి, దాని సీలు పట్టీ ఫ్యాక్టరీలో ఒకసారి పనిచేయడానికి పోసినది. పైగా పచ్చడి వాసన గాజుకి పట్టదు, ఆ పట్టీకే పడుతుంది, ఎంత కడిగినా పోదు.

పొడిపొడి జవాబు:

కడిగిన సీసాలు ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచితే పొడిగా, వేడిగా ఉంటాయి కదండీ, క్రిములూ పోతాయి. అంత నీళ్ళు మరిగించే బాధ తప్పుతుంది. చాలామంది ఇలాగే రాస్తున్నారు.

ఆవిరిలెక్క జవాబు:

చాలామంది రాస్తారు, అయినా వద్దనే చెప్పాలి. రెండు కారణాలున్నాయి.

ఒకటి, పొడి వేడి తడి వేడితో సమానం కాదు. మరిగే నీళ్ళు, ఆవిరి క్రిములకి వేడిని అందించే వేగం పొడి గాలికి లేదు. అదే డిగ్రీల అంకె ఓవెన్ మీద కనిపించినా సీసా లోపల అదే పని జరగదు, పని జరగాలంటే దానికంటే ఎక్కువ వేడి, ఇంకా ఎక్కువ సమయం కావాలి. రెండోది, క్యానింగ్ సీసాలు పొడి వేడికి చేసినవి కావు. ఓవెన్ ఆగుతూ వెలుగుతూ ఉంటే గోడ దగ్గరున్న సీసా ఒక వేడిలో, మధ్యలోది ఇంకో వేడిలో ఉంటాయి. పైకి తీసి జామ్ పోసేటప్పుడు ఒక్కసారిగా అడుగు విడిపోయే సీసాల్లో ఇవి చాలానే ఉంటాయి. నింపిన సీసాలను ఓవెన్లో ఉడికించడం ఇంకా ప్రమాదం. మైక్రోవేవ్‌దీ అదే సంగతి, అందులో వేడి సమంగా పడదు.

సీసాలు వేడిగా ఉంచడమే ఉద్దేశం అయితే ఎలాగూ క్యానర్లో నీళ్ళు కాగుతూనే ఉంటాయి, అందులోనే ఉంచేయండి. అదనంగా వెలిగించేది ఏమీ లేదు.

మరమూత జవాబు:

మూతలు నాకు వదిలేశారు కాబట్టి కాస్త విపులంగా రాస్తాను. సీలు పడకపోతే అందరూ సీసాను అనుమానిస్తారు, చాలాసార్లు తప్పు మూత దగ్గరో, మూత బిగించిన చేతి దగ్గరో ఉంటుంది.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. రేకు మూత లోపలి అంచు చుట్టూ ప్లాస్టిసాల్ అనే మెత్తటి పట్టీ ఉంటుంది. క్యానర్లో వేడెక్కాక అది మెత్తబడి సీసా అంచుకి అచ్చులా అతుక్కుంటుంది. అదే సమయంలో సీసా పైభాగంలోని గాలి పట్టీకీ అంచుకీ మధ్య నుంచి బయటికి తప్పుకుంటుంది. బయటికి తీశాక చల్లారుతూ లోపలిది కుంచించుకుంటుంది, బయటి గాలి మూతను లోపలికి నొక్కుతుంది, పట్టీ గట్టిపడి మూసేస్తుంది. స్క్రూ రింగు పని ఈ తతంగం జరిగేదాకా మూతను కదలకుండా పట్టుకోవడమే. సీలు వేసేది రింగు కాదు.

దీన్నిబట్టి మొదటి మాట: రేకు మూత ఒక్కసారికే. వాడిన మూత పట్టీ మీద సీసా అంచు గుర్తు లోతుగా పడి ఉంటుంది, రెండోసారి అంచు సరిగ్గా అక్కడే కూర్చోదు. తెరిచేటప్పుడు మూత కాస్త వంగి కూడా ఉంటుంది. వాడిన మూతలను ఫ్రిజ్‌లో పెట్టేవాటికి, పొడి సరుకులకి వాడుకోండి. రింగులు మాత్రం ఎన్నిసార్లయినా వాడొచ్చు, తుప్పు, సొట్ట, మర చెదరడం లేకపోతే. రింగును ఖాళీ సీసాకి పెట్టి తిప్పి చూడండి, ఒకచోట పట్టేస్తూ ఒకచోట వదిలేస్తుంటే అది వంకరపోయింది.

రెండో మాట: మూతలను మరిగించొద్దు. పాత రకం మూతల్లో లేటెక్స్ రబ్బరు ఉండేది, దాన్ని వేడి నీళ్ళలో వేసి మెత్తబరచాల్సి వచ్చేది. పుస్తకాల్లో ఇంకా కనిపించే సలహా అప్పటిది. ఇప్పటి ప్లాస్టిసాల్ పట్టీకి ఆ అవసరం లేదు, గది వేడిలోనే పనిచేస్తుంది. తెర్లే నీళ్ళలో ఉడికిస్తే పట్టీ ముందే మెత్తబడి పల్చబడుతుంది, తర్వాత సీలు సరిగ్గా పడదు. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ఒక్కో మూత వేళ్ళతో కడిగి, తొలిచి, గుడ్డ మీద ఆరబెట్టండి, పట్టీ వైపు పైకి. దొంతరగా పెట్టకండి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేడిగా పెట్టడం అలవాటైతే 82 డిగ్రీలు దాటకుండా చూసుకోండి, అంటే అడుగున చిన్న బుడగలు కనిపిస్తాయి గాని నీళ్ళు పొంగవు. ఏ కంపెనీ మూత అయినా డబ్బా మీద రాసిన సూచన చదవండి, తయారీని బట్టి తేడా ఉండొచ్చు.

కడిగేటప్పుడే ప్రతి మూతా తిరగేసి పట్టీ చూడండి. చుట్టూ ఒకే మందం ఉండాలి. ఎక్కడైనా తెగి ఉన్నా, ఒకవైపు లావుగా ఇంకోవైపు సన్నగా ఉన్నా, రేకు అంచు సొట్టపోయినా పక్కన పెట్టండి. వాడని మూతలు తయారైన నాటి నుంచి కనీసం 5 ఏళ్ళు బాగా పనిచేస్తాయని గైడు మాట. డబ్బా మీద మీరు కొన్న ఏడాది రాసి పెట్టుకుంటే తర్వాత ఆలోచించక్కర్లేదు. ఈ సీజనుకి ఎన్ని కావాలో అన్నే కొనుక్కోవడం ఇంకా మంచిది.

ఇక నింపి మూత వేసే వరస. సీసాను చెక్క మీదో మడతపెట్టిన గుడ్డ మీదో పెట్టండి, చల్లటి గచ్చు మీద కాదు. నింపాక ప్లాస్టిక్ గరిటె సన్నటి కాడను గోడ వెంట దింపి గాలి బుడగలు వదిలించండి, లోహపు చెంచా అయితే గాజుకి గీత పడుతుంది. బుడగలు పోయాక మట్టం దిగుతుంది, పైన వదిలే ఖాళీ మళ్ళీ కొలిచి సరిచేయండి. జామ్, జెల్లీకి పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు. పండ్లు, టమాటాలకి అర అంగుళం. ప్రెషర్ క్యానర్లో పెట్టే కూరగాయలు, మాంసాలకి అంగుళం నుంచి అంగుళం పావు. ఖాళీ తక్కువైతే ఉడికేటప్పుడు పదార్థం పొంగి పట్టీ కిందికి చేరుతుంది. ఎక్కువైతే చెప్పిన సమయంలో గాలి మొత్తం పోదు, పైపొర రంగు మారుతుంది.

తర్వాత అంచు తుడవడం. శుభ్రమైన తడి కాగితపు తువ్వాలుతో ఒక చుట్టు, దాన్ని మడిచి శుభ్రమైన వైపుతో ఇంకో చుట్టు. ఒక విత్తనం, పంచదార జిగురు, నూనె బొట్టు, ఇందులో ఏది అక్కడ ఉండిపోయినా సీలు పడకపోవడానికి అది చాలు. కొవ్వు ఉన్న పదార్థం అయితే తువ్వాలుని వెనిగర్లో తడిపి తుడవండి, ఉత్త నీళ్ళకి కొవ్వు కదలదు.

రేకు మూత మధ్యలో కూర్చోబెట్టి, రింగు వేళ్ళ కొనలతో తిప్పండి. ఎదురు బిగుతు తగిలాక ఇంకొంచెం, అంతే. అరచేయి, మణికట్టు బలం వద్దు, స్పానర్ ఊసే వద్దు. గట్టిగా బిగిస్తే గాలి బయటికి పోయే దారి ఉండదు. క్యానర్లోంచి తీశాక రింగులు వదులుగా కనిపిస్తాయి. అప్పుడు మళ్ళీ బిగించాలనిపిస్తుంది, ముట్టుకోకండి, అప్పుడే పడుతున్న సీలు కోసుకుపోతుంది.

నిల్వడబ్బా అడుగుతున్నారు:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. మరిగే నీళ్ళలో ఒక విడత పెట్టాను. ఒక సీసా క్యానర్లోకి దించగానే అడుగు పళ్ళెంలా ఊడిపోయింది. రెండింటి మూతలు పైకి ముడతపడి ఉబ్బాయి. ఇంకోదానిలో రసం నాలుగో వంతు బయటికి పోయింది, అయినా మూత సీలు పడినట్టే ఉంది. వేటిని పారేయాలి, తప్పు ఎక్కడ జరిగి ఉంటుంది?

గాజుపెంకు జవాబు:

పగిలిన తీరు చూస్తే కారణం తెలిసిపోతుంది. అడుగు చుట్టూ గుండ్రంగా విడిపోయిందంటే అది వేడి తేడాకి పగిలింది. సీసా, లోపలిది, క్యానర్ నీళ్ళు, ఈ మూడింటిలో ఒకటి మిగతావాటికి చాలా దూరంలో ఉంది. పచ్చి ముక్కలు నింపితే క్యానర్ నీళ్ళు 60 డిగ్రీల దగ్గర ఉండాలి, ఉడికించి వేడిగా నింపితే 82 దగ్గర. తెర్లుతున్న నీళ్ళలోకి గది వేడిలో ఉన్న సీసా దించితే ఇదే జరుగుతుంది. ఒక చుక్క నుంచి అన్ని వైపులకీ చిట్లితే అది దెబ్బకి పగిలింది. పక్క గోడ మీద నిలువుగా పగిలి, పైన రెండుగా చీలితే లోపలి ఒత్తిడికి పగిలింది, మూత అతిగా బిగించినప్పుడు వచ్చే రకం. అడుగున జాలీ ఉందా? సీసా నేరుగా గిన్నె అడుగుకి ఆనితే కింద నుంచి మంట వేడి తిన్నగా గాజుకే తగులుతుంది, నీళ్ళ వేడి సరిగ్గా ఉన్నా పగలొచ్చు.

ఆ సీసాలోని పదార్థం మొత్తం పారేయండి, వడగట్టి వాడదామనుకోవద్దు. క్యానర్ నీళ్ళు కూడా ఒంపేసి, గాజు ముక్కలు లేకుండా కడిగి మళ్ళీ నింపండి.

మరమూత జవాబు:

ముడతపడి ఉబ్బిన మూతలు నూటికి తొంభై వంతులు రింగు గట్టిగా బిగించడం వల్లే. గాలి పోలేక రేకునే తోసింది. సీలు పడినట్టు కనిపించినా వాటిని అలమరలో పెట్టకండి. ఇప్పుడే తీసినవైతే ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయండి. అలమరలో కొన్నాళ్ళున్న సీసా మూత తర్వాత ఉబ్బితే సంగతి వేరు, అది లోపల పాడైన గుర్తు. తెరవకుండా, రుచి చూడకుండా పారేయాలి.

రసం పోయిన సీసా సీలు పడి ఉంటే నిల్వకి పనికొస్తుంది, పైకి తేలిన ముక్కలు నల్లబడతాయి అంతే. సగం కంటే ఎక్కువ పోతే మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. తగ్గిన రసం నింపడానికి మూత తీయకండి, తీస్తే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. మరోసారి ఇలా జరగకుండా ఉండాలంటే సమయం అయ్యాక మంట ఆపి, క్యానర్ మూత తీసి, 5 నిమిషాలు అలాగే వదిలి అప్పుడు సీసాలు తీయండి. లోపలి మరుగు నిమ్మళిస్తుంది, రసం ఎగదన్నదు. తీసేటప్పుడు సీసాను వంచి మూత మీద నీళ్ళు ఒంపకండి, ఆ నీళ్ళు వాటంతటవే ఆరిపోతాయి. గుడ్డ మీద ఒకదానికొకటి అంగుళం దూరంలో, ఫ్యాను గాలి తగలని చోట పెట్టండి. బోర్లించి సీలు వేసే పద్ధతి గురించి ఎవరైనా చెప్పినా పట్టించుకోకండి.

12 నుంచి 24 గంటల తర్వాత రింగులు తీసేసి చూడండి. మూత మధ్యలో వేలితో నొక్కితే టిక్కుమని లోపలికీ పైకీ కదిలితే సీలు పడలేదు. కంటి ఎత్తులో పెట్టి చూస్తే మధ్యభాగం కాస్త లోపలికి గుంటపడి కనిపించాలి. చెంచా అడుగుతో తట్టితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే పదార్థం మూతకి తగిలి ఉండొచ్చు, అలాంటప్పుడు మిగతా రెండు పరీక్షలనే నమ్మండి. సీలు పడనిది 24 గంటల లోపు కొత్త రేకు మూతతో, అంచు మళ్ళీ వేలితో తడిమి చూశాక, పూర్తి సమయం మరోసారి మరిగించవచ్చు. అంచున పెచ్చు కనబడితే సీసా కూడా మార్చాలి. సీలు పడినవాటిని పైనంతా కడిగి తుడిచి, రింగు లేకుండానే నిల్వ చేయండి. రింగు కింద తడి నిలిచి తుప్పు పడుతుంది, పైగా సీలు ఊడినా రింగు మూతను పట్టుకునే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు.